సన్నిధి నుంచి ధ్వని: ఫ్రెడ్ విల్సన్ మ్యూజియం కళ - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

మ్యూజియంలో వస్తువు పక్కన ఉండే చిన్న చీటీని సాధారణంగా ఎవరూ రచనగా పరిగణించరు. వస్తువు పేరు, కాలం, పదార్థం, దాత పేరు - ఈ నాలుగు వివరాలతో అది ముగుస్తుంది. రాసినవారి పేరు దానిపై కనిపించదు. కర్త లేనట్టు కనిపించడం వల్లనే దానికి ప్రామాణ్యం సిద్ధిస్తుంది. అయితే ఆ చీటీ కూడా ఒక వాక్యమే. దానికీ వక్త ఉన్నాడు, శ్రోత ఉన్నాడు, చెప్పిన అర్థంతోపాటు చెప్పకుండా విడిచిన అర్థమూ ఉంది. అందువల్ల అది సాహిత్య విమర్శ పరిధిలోకి వచ్చే విషయమే.

అమెరికన్ కళాకారుడు ఫ్రెడ్ విల్సన్ (జ. 1954) మ్యూజియం వాక్యాన్ని తన కళకు ముడిసరుకుగా స్వీకరించారు. ఆయన ముఖ్య కృతులలో కొత్తగా చేసిన శిల్పంగాని చిత్రంగాని చాలా తక్కువ. మ్యూజియం భాండారంలో ఎప్పటినుంచో ఉన్న వస్తువులను బయటికి తీసి, ఒకదాని పక్కన మరొకదాన్ని ఉంచి, ఒక పేరు పెట్టడమే ఆయన ప్రధానమైన పని. ఈ పనిలో పెర్ఫార్మెన్స్, మ్యూజియం నిర్మాణం, బోధన అనే మూడు రంగాలు కలిసిపోతాయి. ఆయనపై వచ్చిన విమర్శ చాలావరకు ‘సంస్థాగత విమర్శ’ అనే పాశ్చాత్య కళాధోరణి పరిధిలోనే సాగింది. విల్సన్ కృతులు అర్థాన్ని ఎలా పుట్టిస్తాయన్న ప్రశ్నకు మన శాబ్దబోధ సిద్ధాంతమూ ధ్వని సిద్ధాంతమూ మరింత స్పష్టమైన సమాధానం ఇవ్వగలవని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ సమాధానం ఆయన విజయాన్ని మాత్రమే కాక ఆయన పరిమితిని కూడా చూపుతుంది. విల్సన్‌కు ఈ సిద్ధాంతాలతో పరిచయం ఉందని ఇక్కడ సూచించడం లేదు. వీటిని పరిశీలనకు సాధనాలుగా మాత్రమే గ్రహించడం జరిగింది.

కాపలాదారు, బోధకుడు, నిర్వాహకుడు

విల్సన్ న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో జన్మించారు. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన పర్చేజ్ కళాశాలనుంచి 1976లో లలితకళల పట్టా పొందారు. చదువుకునే రోజులలో అక్కడి న్యూబర్గర్ మ్యూజియంలో కాపలాదారుగా పనిచేశారు. తరువాత మెట్రొపాలిటన్ కళా మ్యూజియం, అమెరికన్ ప్రకృతి చరిత్ర మ్యూజియం, అమెరికన్ క్రాఫ్ట్ మ్యూజియంలలో బోధనకు సంబంధించిన ఉద్యోగాలు చేశారు. అటుపైన బ్రాంక్స్‌లోని లాంగ్‌వుడ్ ఆర్ట్ గ్యాలరీని నిర్వహించారు.

ఈ ఉద్యోగాల వరుస కేవలం జీవనోపాధి చరిత్ర కాదు. మ్యూజియం అనే సంస్థను ఆయన ముందుగా కళాకారుడి స్థానంనుంచి చూడలేదు. గదిలో నిలబడి ఉండీ కనిపించని కాపలాదారు స్థానంనుంచి, సంస్థ చెప్పదలచిన మాటను సందర్శకులకు అందజేసే బోధకుడి స్థానంనుంచి చూశారు. ఇంకొక విశేషమూ ఉంది. ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఒక ఆఫ్రికన్ ముసుగు మానవశాస్త్రానికి ఆధారం అవుతుంది. కళా మ్యూజియంలో అటువంటిదే మరొక ముసుగు శిల్పం అవుతుంది. ఇటువంటి సంస్థలు రెండింటిలోనూ పనిచేసిన వ్యక్తికి, వస్తువు అర్థం వస్తువులో కాక గదిలో నిర్ణయమవుతోందని తెలియడానికి సిద్ధాంత గ్రంథాలు అవసరం లేదు.

ఈ ఎరుక మొదటిసారి స్పష్టంగా రూపం పొందినది లాంగ్‌వుడ్‌లో 1987లో ఏర్పాటు చేసిన ‘రూమ్స్ విత్ ఎ వ్యూ’ ప్రదర్శనలో. అందులో మూడు గదులు ఉన్నాయి. ఒకటి మానవశాస్త్ర మ్యూజియంలా, ఒకటి పాతకాలపు సంపన్నుల కళామందిరంలా, ఒకటి తెల్లటి గోడల ఆధునిక గ్యాలరీలా అమర్చారు. మూడింటిలోనూ ఉంచినవి సమకాలిక కళాకారుల కృతులే. మానవశాస్త్ర గదిలోని కృతులు కళాకారుల పేర్లను పోగొట్టుకుని ‘జాతి’ వస్తువులుగా కనిపించాయి. తెల్ల గోడల గదిలో ఉన్నవి ఆధునిక కళగా నిలిచాయి. ఈ ప్రదర్శనకు విల్సన్ నిర్వాహకుడే. కాని ఆయన తరువాతి కళ అంతటికీ ఇది బీజం. నిర్వహణకూ సృజనకూ మధ్య ఉన్న గీత ఇక్కడే చెరిగిపోయింది.

శరీరమే చీటీ అయినప్పుడు

1991 నాటి ‘గార్డెడ్ వ్యూ’లో నల్లటి శరీరవర్ణం గల తలలేని బొమ్మలు నాలుగు వరుసగా నిలబడి ఉంటాయి. వాటికి న్యూయార్క్‌లోని జ్యూయిష్ మ్యూజియం, మెట్రొపాలిటన్, విట్నీ, ఆధునిక కళా మ్యూజియం - ఈ నాలుగు సంస్థల కాపలాదారుల దుస్తులు తొడిగారు. ఆ పేరులో శ్లేష ఉంది. ‘కాపలా ఉన్న దృశ్యం’ అనీ, ‘జాగ్రత్తగా దాచుకున్న అభిప్రాయం’ అనీ రెండర్థాలు వస్తాయి. రెండవ అర్థం తలలేని బొమ్మకు అన్వయించినప్పుడు వ్యంగ్యం తీవ్రమవుతుంది. అభిప్రాయం ఉండవలసిన చోటు తల. ఆ తలను తీసివేసి దుస్తులను మాత్రం మిగిల్చారు.

ఇదే భావం విట్నీ మ్యూజియంలో చేసిన ‘మై లైఫ్ ఏజ్ ఎ డాగ్’ అనే పెర్ఫార్మెన్స్‌లో ప్రాణం పోసుకుంది. విల్సన్ మొదట తన మామూలు దుస్తుల్లో మ్యూజియం బోధకులను కలిసి పలకరించారు. కాసేపటి తరువాత మరొక గదిలో కలుసుకుందామని, అక్కడ తానే ప్రదర్శనను వివరిస్తానని చెప్పారు. ఈలోగా కాపలాదారు దుస్తులు వేసుకుని ఆ గదిలోనే నిలబడ్డారు. వచ్చినవారు ఆయనకోసం వెతికారు, ఎదురుగా ఉన్న ఆయనను గుర్తించలేదు.

ఈ ఘటనను ఆండ్రియా ఫ్రేజర్ 1989లో ఫిలడెల్ఫియా కళా మ్యూజియంలో చేసిన ‘మ్యూజియం హైలైట్స్’తో పోల్చి చూడడం ఉపయోగకరం. ఫ్రేజర్ ఒక కల్పిత మార్గదర్శకురాలి పాత్ర ధరించి, చిత్రాలను వర్ణించడానికి వాడే పొగడ్త మాటలతోనే నీటికుళాయినీ ఫలహారశాలనూ వర్ణించింది. అది అతివచనం ద్వారా సాధించిన వ్యంగ్యం. విల్సన్ మార్గం మౌనం. ఆయన ఒక్క మాటకూడా పలకలేదు, ఏ అభినయమూ చేయలేదు, నిలబడ్డారు. మనిషి మారలేదు, దుస్తులు మాత్రం మారాయి. దుస్తులు అనే చీటీ మనిషిని చదివే తీరును శాసించింది. చూడడమే వృత్తిగా గలవారు చూడలేకపోవడం దీనిలోని తీవ్రత. వారిని అవమానించడానికి చేసిన పని అయితే ఇది తేలికపాటి పరిహాసంగా మిగిలేది. ఇతరులకు చూడడం నేర్పేవారికి తమ చూపును పరీక్షించుకునే అవకాశం ఇచ్చిన పాఠం కనుకనే దీనికి విలువ. ఈ పెర్ఫార్మెన్స్ నిజానికి బోధకులకు ఇచ్చిన బోధన.

‘మైనింగ్ ది మ్యూజియం’: వాక్యంగా మారిన జాబితా

విల్సన్ కృతులలో అత్యధిక చర్చకు గురైనది ‘మైనింగ్ ది మ్యూజియం’. బాల్టిమోర్ నగరంలో ‘ది కాంటెంపరరీ’ అనే సంస్థ ఆహ్వానంపై, మేరీలాండ్ చారిత్రక సమాజం సేకరణలతో ఏర్పాటైన ఈ ప్రదర్శన 1992 ఏప్రిల్‌లో మొదలై 1993 ఫిబ్రవరి వరకు సాగింది. చారిత్రక సమాజం 1844లో స్థాపితమైనది. మేరీలాండ్ బానిస వ్యవస్థ అమలులో ఉన్న రాష్ట్రం. అయినా ఆ సంస్థ ప్రదర్శనలలో బానిసల చరిత్రకు దక్కిన చోటు అత్యల్పం. విల్సన్ భాండారంలో పనిచేసి, అక్కడ ఉన్నవాటినే బయటికి తెచ్చారు. పేరులోని ‘మైనింగ్’ అనే మాటకు తవ్వడం, మందుపాతర పెట్టడం, నాదిగా చేసుకోవడం అనే మూడర్థాలూ చెల్లుతాయి.

ఈ ప్రదర్శనలోని ‘మెటల్‌వర్క్, 1793-1880’ అనే అమరికను మొదట పరిశీలించాలి. ఒకే అద్దాల బీరువాలో నగిషీ చెక్కిన వెండి కూజాలు, పానపాత్రలు ఉన్నాయి. వాటి మధ్య బానిసలకు తొడిగిన ఇనుప సంకెళ్ళు ఉన్నాయి. చీటీపై ‘లోహపు పని’ అనీ, కాలమూ తప్ప మరేమీ లేదు.

వాక్యార్థ జ్ఞానానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కారణాలని మన శాస్త్రకారులు చెప్పారు. ‘ఆవు, గుఱ్ఱం, మనిషి, ఏనుగు’ అని వరుసగా పలికితే అది వాక్యం కాదు. ఒక పదానికి మరొక పదంపై ఆకాంక్ష లేదు. ‘అగ్నితో తడుపుతున్నాడు’ అంటే యోగ్యత లేదు. ఒక పదాన్ని ఉదయం, మరొక పదాన్ని సాయంత్రం పలికితే సన్నిధి లేదు. మ్యూజియం సేకరణ సహజంగా ‘ఆవు, గుఱ్ఱం, మనిషి, ఏనుగు’ వంటి జాబితా. వెండి కూజా అలంకార కళల గదిలో, సంకెల భాండారంలో ఉన్నంతకాలం ఆ రెండు పదాలకూ సన్నిధి లేదు. కాబట్టి వాటి నుంచి వాక్యం పుట్టలేదు. మ్యూజియం అబద్ధం చెప్పలేదు. తన దగ్గర ఉన్న పదాలను దూరం దూరంగా పలికింది. చరిత్రను దాచడానికి అబద్ధం కన్న ఈ పద్ధతి బలమైనది. ఎందుకంటే ఖండించడానికి ఇక్కడ ఏ వాక్యమూ దొరకదు.

విల్సన్ చేసినది సన్నిధిని పునరుద్ధరించడం. వెంటనే యోగ్యత ప్రశ్న ఎదురవుతుంది. వెండి కూజా పక్కన ఉండే యోగ్యత సంకెలకు ఉందా? అలంకార కళల వర్గీకరణ లేదంటుంది. చీటీ ఉందంటుంది. రెండూ లోహంతో చేసినవే, రెండూ ఒకే సమాజంలో వాడినవే. బానిసల శ్రమపై నిలిచిన సంపద వెండి పాత్రగా మారితే, ఆ శ్రమను బంధించినది సంకెల. యోగ్యత లేదని అనిపించడమే వర్గీకరణ మనకు నేర్పిన అలవాటు అని ప్రేక్షకుడు గ్రహిస్తాడు. చీటీలోని వాచ్యార్థం అక్షరాలా సత్యం. దాన్ని తిరస్కరించనవసరం లేదు. ఆ సత్యమే మరొక అర్థాన్ని స్ఫురింపజేస్తుంది. ఆనందవర్ధనుడి పరిభాషలో దీన్ని వివక్షితాన్యపరవాచ్య ధ్వనికి దగ్గరగా చూడవచ్చు.

అదే ప్రదర్శనలో దీనికి భిన్నమైన పద్ధతికి కూడా ఉదాహరణ ఉంది. పొగాకు దుకాణాల ముందు ఉంచే అమెరికన్ ఆదివాసుల కొయ్యబొమ్మలను విల్సన్ ప్రేక్షకులకు వీపు చూపేటట్టు నిలబెట్టారు. అవి గోడమీది ఆదివాసుల ఛాయాచిత్రాలవైపు చూస్తుంటాయి. చీటీపై ‘పొగాకు దుకాణ యజమానుల రూపచిత్రాలు’ అని ఉంది. ఇక్కడ వాచ్యార్థం నిలవదు. బొమ్మలు ఆదివాసులవి, యజమానులవి కావు. కాని ఆ బొమ్మలలో ఉన్న రూపం నిజమైన ఆదివాసులది కాదు, దుకాణదారుల ఊహలోనిది. అందువల్ల ‘రూపచిత్రం’ అనే మాట మరొక అర్థంలోకి సంక్రమించి, గీయించినవాడి మనస్సుకు చిత్రమవుతుంది. ఇది అర్థాంతరసంక్రమిత వాచ్యానికి తగిన లక్ష్యం. ఒకే ప్రదర్శనలో వాచ్యాన్ని నిలబెట్టి ఒకసారి, వాచ్యాన్ని జరిపి ఒకసారి ధ్వనిని సాధించడం విల్సన్ భాషాప్రయోగ నైపుణ్యానికి నిదర్శనం.

లేమిని చూపడం, పేరు పెట్టడం

ప్రదర్శన మొదట్లోనే రెండు వరుసల పీఠాలు ఉన్నాయి. తెల్లని పీఠాలపై హెన్రీ క్లే, నెపోలియన్, ఆండ్రూ జాక్సన్‌ల అర్ధవిగ్రహాలు. నల్లని పీఠాలు మూడు ఖాళీగా ఉన్నాయి. వాటిపై హేరియట్ టబ్‌మన్, ఫ్రెడరిక్ డగ్లస్, బెంజమిన్ బానెకర్ పేర్లు మాత్రం ఉన్నాయి. విగ్రహాలున్న ముగ్గురిలో ఎవరూ మేరీలాండ్‌వారు కారు. విగ్రహాలు లేని ముగ్గురూ మేరీలాండ్‌లో పుట్టినవారే. తర్కశాస్త్రం అభావాన్ని కూడా ఒక పదార్థంగా అంగీకరించింది. అయితే అభావం దేని అభావమో చెప్పనిదే తెలియదు. ఖాళీ పీఠం తనంతట తాను శూన్యమే. దానిపై పేరు ఉన్నప్పుడే అది లోపమవుతుంది. సేకరణలో లేనిదాన్ని చూపడానికి విల్సన్ ఎంచుకున్న మార్గం ఇదే.

పేరు పెట్టడం అనే క్రియ మరొక చోట ఇంకా క్లిష్టంగా కనిపిస్తుంది. ‘కంట్రీ లైఫ్’ అనే పేరుగల చిత్రంలో ఒక తెల్లజాతి కుటుంబం విందులో ఉంటుంది. నల్లజాతి బాలుడు పండ్లు అందిస్తుంటాడు. విల్సన్ దానికి ‘ఫ్రెడరిక్ పండ్లు వడ్డించుట’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. చిత్రంలో ఒక్క రేఖకూడా మారలేదు. కర్త మారాడు. అంతవరకు దృశ్యానికి కేంద్రం కుటుంబం, ఇప్పుడు కేంద్రం బాలుడు. మరొక గదిలో ప్రేక్షకుడు దగ్గరికి రాగానే పాత రూపచిత్రాలలోని నల్లజాతి బాలుడిపై వెలుగు పడుతుంది. వినిపించే గొంతు తనవారెవరో, ఆ సంపన్న బాలుడికి తాను ఏమవుతాడో అడుగుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ న్యాయమైనది. ఫ్రెడరిక్ అనే పేరు కళాకారుడు ఇచ్చినది, పత్రాలు ఇచ్చినది కాదు. ఆ గొంతు కూడా కల్పితం. మ్యూజియం మౌనాన్ని ప్రశ్నించే కళాకారుడు ఆ మౌనాన్ని తన మాటలతో నింపవచ్చునా? ఈ ఆక్షేపణకు పూర్తి సమాధానం లేదు. కాని ఒక భేదం గుర్తించాలి. మ్యూజియం చీటీ తన కల్పనను వాస్తవంగా ప్రకటిస్తుంది. విల్సన్ చీటీ తన కల్పనను కల్పనగానే ప్రకటిస్తుంది. బాలుడు అడిగేవి ప్రశ్నలు, అతడు ఏ సంఘటననూ సాక్ష్యంగా చెప్పడు. మన కథకులు కూడా చరిత్ర పేర్లు నమోదు చేయని మనుషులకు గొంతు ఇచ్చినప్పుడు ఇదే బాధ్యతను మోస్తారు. ఊహ ఎక్కడ మొదలైందో పాఠకుడికి తెలియాలి.

తీవ్రతలో అన్నిటికన్న మిన్న అయినది ‘క్యాబినెట్‌మేకింగ్, 1820-1960’. బాల్టిమోర్ జైలులో వాడిన కొరడా శిక్షల స్తంభం చుట్టూ, నాటకం చూడడానికి వచ్చినవారిలా, సొగసైన కుర్చీలు అమర్చారు. స్తంభమూ కుర్చీలూ కొయ్యపనే. కుర్చీలన్నీ ఖాళీ. వాటిలో కూర్చోవలసినవారు ఎవరు అన్న ప్రశ్న గదిలో నిలబడి చూస్తున్న ప్రేక్షకుడిని తాకుతుంది. చూడడం కూడా ఒక పాత్ర అని ఈ అమరిక తెలుపుతుంది. పెర్ఫార్మెన్స్‌లో కళాకారుడు పోషించిన పాత్ర ఇక్కడ ప్రేక్షకుడికి బదిలీ అయింది.

బోధనగా ప్రదర్శన

ఈ ప్రదర్శనకు వచ్చినవారికి సమాధానాలకు బదులు ప్రశ్నలు అందజేశారు. ఇది ఏమిటి, ఎవరికోసం చేశారు, ఎవరిది, ఇక్కడ ఎందుకు ఉంది వంటి ప్రశ్నలవి. మ్యూజియం బోధకుడు పాఠశాల పిల్లలకు సాధారణంగా వేసే ప్రశ్నలే ఇవి. విల్సన్ వాటిని పెద్దల ముందు, అందులోనూ మ్యూజియం వృత్తిలో ఉన్నవారి ముందు ఉంచారు. ఆ సంవత్సరం అమెరికన్ మ్యూజియంల సంఘం వార్షిక సమావేశం బాల్టిమోర్‌లోనే జరగడంతో వృత్తిలోనివారు పెద్దసంఖ్యలో దాన్ని చూడగలిగారు. తరువాత ఎన్నో మ్యూజియంలు తమ భాండారాలను కళాకారులకు తెరిచాయి. ఆ ధోరణికి ఈ ప్రదర్శన ఒక ప్రధాన ప్రేరణగా గుర్తింపు పొందింది. 1999లో విల్సన్‌కు మెకార్థర్ ఫెలోషిప్ లభించింది.

2003లో 50వ వెనిస్ బినాలెలో అమెరికా పక్షాన ఆయన ఏర్పాటు చేసిన ప్రదర్శన ‘స్పీక్ ఆఫ్ మి ఏజ్ ఐ యామ్’. ఒథెల్లో నాటకంనుంచి తీసుకున్న పేరు అది. వెనిస్ చరిత్రలో, చిత్రాలలో, అలంకరణ వస్తువులలో కనిపించే ఆఫ్రికన్లను ఆయన ఒకచోట చేర్చారు. ఆ నగరానికి ప్రసిద్ధి తెచ్చిన మురానో గాజును నల్లరంగులో చేయించి దీపగుచ్ఛంగా వేలాడదీశారు. భవనం బయట నకిలీ చేతిసంచులు అమ్ముతున్నట్టు ఒక నల్లజాతి మనిషిని నియమించారు. వెనిస్ వీధులలో అటువంటి వ్యాపారులను రోజూ తప్పించుకుని నడిచే సందర్శకులు, ఇక్కడా అలాగే నడిచారు. పుష్కర కాలం క్రితం కాపలాదారు దుస్తులతో అడిగిన ప్రశ్ననే ఇక్కడ భవనం వెలుపలికి తెచ్చారు. లోపల గోడమీది ఆఫ్రికన్‌ను శ్రద్ధగా చూసే కన్ను, గుమ్మం దగ్గర నిలబడ్డవాడిని ఎందుకు చూడదు?

సన్నిధి చేజారినప్పుడు: ఇండియానాపొలిస్

విల్సన్ పద్ధతికి ఎదురైన అతి కఠినమైన పరీక్ష ఇండియానాపొలిస్ నగరంలో జరిగింది. 1902లో ఆవిష్కృతమైన అక్కడి సైనికుల, నావికుల స్మారకంలో, విముక్తుడైన బానిస ఒకడు నేలమీద కూర్చుని తెగిన గొలుసును పైకెత్తి చూపుతుంటాడు. నగర స్మారకాల మధ్య నల్లజాతి రూపం ఈ దీనస్థితిలో కనిపించడం విల్సన్‌ను ఆకర్షించింది. ఆ మూర్తిని మళ్ళీ పోతపోసి, నేలమీది నుంచి లేపి, ముందుకు వంగి కూర్చున్నట్టు మార్చి, చేతిలో గొలుసుకు బదులు ఆఫ్రికన్ వలసజాతుల పతాకాన్ని ఉంచి వేరొక చోట నిలపాలని ఆయన ప్రతిపాదించారు. దానికి ‘ఈ ప్లూరిబస్ ఊనమ్’ అని పేరు పెట్టారు. అనేకం నుంచి ఒకటి అని దాని అర్థం, అమెరికా ముద్రపై ఉన్న మాట అది.

నగరంలోని నల్లజాతి పౌరులలో పలువురు దీన్ని వ్యతిరేకించారు. ఇప్పటికే ఒక బానిస బొమ్మ ఉండగా మరొకటి ఎందుకని అడిగారు. తమ విజయాలకు విగ్రహం లేనప్పుడు తమ దైన్యానికి రెండవ విగ్రహం అవసరమా అన్నారు. ముందుగా తమను సంప్రదించలేదని ఆక్షేపించారు. సమర్థించినవారూ ఉన్నారు. చివరికి 2011లో నిర్వాహక సంస్థ ఆ ప్రతిపాదనను విరమించుకుంది.

దీన్ని ప్రజలకు కళ అర్థంకాకపోవడంగా వివరించడం సులభం. అది సరికాదు. ధ్వనికి సహృదయుడు కావాలన్న మాట నిజమే. కాని ఆ పౌరులకు సహృదయత లేదనడానికి ఆధారం లేదు. వారు బొమ్మను సరిగానే చదివారు. తేడా సన్నిధిలో ఉంది. మ్యూజియం గదిలో ఏది దేని పక్కన ఉండాలో విల్సన్ నిర్ణయిస్తారు. గోడలు, వెలుగు, చీటీ, నడిచే దారి అన్నీ ఆయన చేతిలో ఉంటాయి. వీధిలో ఆ అధికారం లేదు. అక్కడ విగ్రహానికి సన్నిధి కల్పించేవి చుట్టూ ఉన్న కార్యాలయాలు, రోజూ ఆ దారిన నడిచేవారి అనుభవాలు, నగరంలో లేని ఇతర విగ్రహాలు. మూలమూర్తి పక్కనే కొత్తమూర్తి ఉంటే సంభాషణ వినిపించేది. వేరుచేసి నిలిపినప్పుడు ఒకే పదం రెండుసార్లు పలికినట్టయింది. ప్రకరణం తప్పిన పదానికి ఉద్దేశించిన వ్యంగ్యార్థం స్ఫురించదు, అభిధ మాత్రమే మిగులుతుంది. వంగి కూర్చున్న చొక్కాలేని మనిషి అన్నదే ఆ అభిధ.

ఇందులో మరొక పాఠం ఉంది. బాల్టిమోర్‌లో విల్సన్ చేత ప్రశ్నింపబడినది సంస్థ. ఇండియానాపొలిస్‌లో ప్రశ్నింపబడినవారు ఆయన ఎవరి పక్షాన మాట్లాడదలచారో వారే. ఖాళీ పీఠాన్ని ఎవరితో నింపాలని బాల్టిమోర్‌లో ఆయన అడిగిన ప్రశ్ననే ఇండియానాపొలిస్ పౌరులు ఆయనను తిరిగి అడిగారు. విల్సన్ బోధన ఫలించిందనడానికి ఆయన ప్రతిపాదన వీగిపోవడమే ఒక విధంగా నిదర్శనం.

ఆహ్వానిత విమర్శ విలువ

విల్సన్‌పై ఉన్న ప్రధాన ఆక్షేపణ, ఆయన విమర్శ ఆహ్వానంపై వచ్చే విమర్శ అనేది. 1971లో హాన్స్ హాకె న్యూయార్క్ నగరపు ఇళ్ళ యాజమాన్యాలపై చేసిన కృతుల కారణంగా గుగ్గెన్‌హైమ్ మ్యూజియం ఆయన ప్రదర్శననే రద్దుచేసింది. ఇరవై ఏళ్ళ తరువాత మ్యూజియంలు తమను విమర్శించమని కళాకారులను పిలవడం మొదలుపెట్టాయి. విట్నీ కాపలాదారు దుస్తులను కృతిగా మార్చిన విల్సన్ తరువాతి కాలంలో అదే మ్యూజియం ధర్మకర్తల మండలిలో సభ్యులయ్యారు. విమర్శించిన సంస్థలో భాగం కావడం విమర్శకు ముగింపా, ఫలితమా?

సంస్థకు వెలుపల నిలబడగల చోటు లేదని, సంస్థ అన్నది మనలోనే ఉందని ఆండ్రియా ఫ్రేజర్ 2005లో వాదించారు. విశ్వవిద్యాలయ అధ్యాపకులకు ఈ వాదం కొత్తది కాదు. పాఠ్యప్రణాళికను విమర్శించేవారే పాఠ్యప్రణాళిక సంఘంలో కూర్చుంటారు. అయితే విల్సన్ విషయంలో తూకం వేయవలసినది ఆయన పదవి కాదు, ప్రదర్శన ముగిసిన తరువాత వస్తువులు ఎక్కడికి వెళ్ళాయి అన్నది. తాత్కాలిక ప్రదర్శన పూర్తికాగానే కూజా తన గదికి, సంకెల తన భాండారానికి చేరితే సన్నిధి మళ్ళీ తెగిపోతుంది. విమర్శను ఒక సంఘటనగా ఆదరించి, వ్యవస్థగా స్వీకరించకపోవడం సంస్థలకు సులభమైన మార్గం. కళాకారుడు వాక్యాన్ని పలికి చూపగలడు. దాన్ని వ్యాకరణంగా నిలపవలసినది సంస్థ. ఈ పరిమితి విల్సన్ ఒక్కరిది కాదు, ఈ తరహా కళ మొత్తానిది.

మన పఠనానికి

ఈ పద్ధతి తెలుగు పరిశోధకులకు దూరమైనది కాదు. అమరావతి స్తూప శిల్పాలనే చూడవచ్చు. కాలిన్ మెకంజీ 1797లో ఆ స్థలాన్ని చూశారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిలలు మద్రాసుకు, అక్కడినుంచి 1859లో లండన్‌కు చేరాయి. 1880నుంచి అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. చాలాకాలం వాటిని ‘ఇలియట్ మార్బుల్స్’ అని పిలిచారు. ఆ రెండు మాటలలో మొదటిది శిల్పిదీ కాదు, దాతదీ కాదు, ఊరిదీ కాదు, తవ్వించినవాడిది. రెండవది ఆ రాయికి చెల్లదు, అది సున్నపురాయి. ఒకే స్తూపపు పలకలు లండన్, చెన్నై, అమరావతి మ్యూజియంల మధ్య విడిపోయి ఉండడం సన్నిధి తెగిపోవడానికి మన ముందున్న ఉదాహరణ. శాసనాలనూ తాళపత్ర సూచికలనూ చదివే మనకు, చీటీని కూడా కర్త ఉన్న రచనగా చదవడం వృత్తిధర్మమే అవుతుంది.

ముగింపు

ఫ్రెడ్ విల్సన్ జీవితంలో పెర్ఫార్మెన్స్, మ్యూజియం, బోధన మూడు దశలు కావు. కాపలాదారుగా నేర్చుకున్న అదృశ్యత ఆయన పెర్ఫార్మెన్స్‌కు వస్తువైంది. బోధకుడిగా నేర్చిన ప్రశ్న ఆయన ప్రదర్శనలకు నిర్మాణసూత్రమైంది. మూడింటికీ ఆధారం ఒక్కటే: అర్థం వస్తువులో నిక్షిప్తమై ఉండదు, సన్నిధిలో పుడుతుంది. ఆ సన్నిధిని నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉన్నదన్నది రాజకీయ ప్రశ్న. బాల్టిమోర్‌లో ఆ అధికారం ఆయనకు తాత్కాలికంగా దక్కింది. ఇండియానాపొలిస్‌లో ఆ నగర పౌరులు అది తమదన్నారు. రెండు ఘటనలనూ కలిపి చదివినప్పుడే ఆయన కళ విలువా హద్దూ రెండూ తెలుస్తాయి. సేకరణలు ఇంకా వర్గాలుగా విడిపోయే ఉన్నాయి, చీటీలపై కర్తల పేర్లు ఇంకా రాలేదు. ఆ చీటీలను చదవడం ఇక కళాకారుల పని మాత్రమే కాదు.